అయ్యగారు కూరుకుపోయిన కుర్చీ

ఎమిలీకి ఆ కుర్చీ మీద పగ. పెళ్ళయి ఆ రైల్వే క్వార్టరులో అడుగుపెట్టిన రోజునుంచీ ఉంది. ముందుగది మొత్తానికి రెండు మంచాలు కూడా సరిగ్గా పట్టవు. అందులో సగం ఆ కుర్చీదే. బర్మా టేకు, చేతుల చివర రెండు సింహం తలకాయలు, ఎత్తయిన వీపు. కూర్చునే చోటు కింద చుట్టూ జానెడు లోతున చెక్కపట్టీ దిగి ఉండేది. దాని కిందికి చీపురు సరిగ్గా దూరదు. ఊడ్చినప్పుడల్లా ఎమిలీ సింహాలిద్దరికీ చెరో తిట్టు తప్పకుండా పంచేది.

ఆమె మొగుడు విల్‌ఫ్రెడ్ రైల్వే వర్క్‌షాపులో చార్జిమన్. అతనికి మాత్రం అది ప్రాణం. అతని తండ్రి సత్యవేదం గూడ్స్ డ్రైవరు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ఖరగ్‌పూర్‌లో దొరలు బంగళాలు ఖాళీ చేసి వెళుతూ సామాన్లు వేలం వేస్తే కొనుక్కొచ్చాడు. డ్యూటీ దిగి వచ్చి, బొగ్గుమసి కడుక్కోకుండానే అందులో కూలబడేవాడు. పెళ్ళాం సరోజమ్మ ఎంత అరిచినా వినేవాడు కాదు. ఆయన ఉన్నప్పుడూ, పోయాకా ఆ కుర్చీ ఇంట్లో మరో మనిషే. చర్చి అయ్యగారు వస్తే అందులోనే. వర్క్‌షాపు ఫోర్‌మన్ వస్తే అందులోనే. మిగతా జనానికి చాప.

కొత్తగా ఎవరొచ్చినా విల్‌ఫ్రెడ్ ఆ సింహాల మీద చెయ్యి వేసి ఒకటే కథ చెప్పేవాడు.

"ఈ కుర్చీ ఏ దొరదో, మా నాయనమ్మ రూతమ్మ ఆ దొర బంగళాలో ఆయా అండీ. దొర పిల్లలంతా మా నాయనమ్మ ఒళ్ళో పెరిగినోళ్ళే. ఈ కుర్చీ దొరకి ఎంత ఇష్టమో! రోజూ పొద్దున్నే ఇందులో కూకునీవోడంట. పెద్ద పెద్ద ఆలోసనలన్నీ ఇందులో కూకునే సేసినాడంట."

ఆ మాట వచ్చినప్పుడల్లా సరోజమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అరవై రెండులో వానలు మొదలయ్యాక కుర్చీ కాలొకటి ఊగడం మొదలుపెట్టింది. వీపు వెనక చెదలు బారులు తీరాయి. ఎమిలీ రైల్వే ఆస్పత్రిలో నర్సు. తోటి నర్సు గోల్‌బజార్లో మడత పెట్టే స్టీలు కుర్చీలు నాలుగు కొంది. అవి చూసొచ్చిన సాయంత్రమే ఎమిలీ మాట తెగేసి చెప్పింది.

"ఏవండీ, ఈ సింహాలు కావాలో నేను కావాలో తేల్సండి. వచ్చేవారం ఇంటి ప్రార్థన మన వంతు. ఈలోగా దీన్ని బైటికి పంపీండి."

"మా నాన్న కూకున్న కుర్చీ అది."

"మామయ్య కూకున్నది నిజమే. ఇప్పుడు సెదలు కూకున్నాయి."

"ఖరిదా నుంచి వడ్రంగి గోవిందరావుని పిలుస్తాను. కాలు మారుస్తాడు, మందు కొడతాడు, పాలిష్ పెడతాడు. కొత్త పెళ్ళికూతుర్లా అయిపోతాది."

"ఇంట్లో ఉన్న పాత పెళ్ళికూతురికి రెండేళ్ళ నుంచి ఒక సీర లేదు. దానికి పాలిషా?"

విల్‌ఫ్రెడ్ తల్లివైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు సెప్పు."

సరోజమ్మ వక్కపొడి నోట్లో వేసుకుంటూ, "మీ ఇద్దరి ఇష్టం. నాకేటి తెలుసు!" అంది. లేవబోయి మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఆ ఏడు ఆవిడ మోకాళ్ళు బాగా దెబ్బతిన్నాయి. పెరటి చివర మెట్లెక్కి దొడ్డికి వెళ్ళిరావడమే పెద్ద ప్రయాణమయింది. పాకుడు పట్టిన మెట్ల మీద అప్పటికే ఒకసారి జారిపడింది.

వాదన తెగలేదు. ఊగే కాలి కింద విల్‌ఫ్రెడ్ చెక్కముక్క ఒకటి దూర్చాడు. ఎమిలీ పైన కొత్త గలీబు వేసిన దిండు పెట్టింది. ప్రార్థన రోజు రానే వచ్చింది.

ఆమోసు అయ్యగారు మంచి దిట్టమైన మనిషి. గొంతూ అంతే. గదిలోనూ గుమ్మం బయట వరండాలోనూ చాపల మీద పాతికమందిదాకా సర్దుకుని కూర్చున్నాక ఆయన కుర్చీలో ఆసీనుడయ్యాడు. పాటలయ్యాయి. ప్రసంగం మొదలయింది. ఆ రోజు ఆయన ఎత్తుకున్న సంగతి గర్వం. గర్విష్ఠులైన రాజులు ఎట్లా కూలిపోయారో ఒక్కొక్కరినే వరసగా కూల్చుకుంటూ వస్తున్నాడు. నాలుగో రాజు దగ్గరికి వచ్చేసరికి ఆవేశం పెరిగి, కుర్చీలో ఒకసారి పైకి లేచి దబ్బున కూర్చున్నాడు.

ఫెళ్ళుమని చప్పుడయింది.

అయ్యగారు కిందపడలేదు. పడి ఉంటే ఇంకా నయంగా ఉండేది. నడుము దాకా లోపలికి దిగిపోయాడు. మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగిలాయి. పాదాలు రెండూ పైకప్పువైపు చూశాయి. చేతిలో బైబిలు మాత్రం వదల్లేదు. లోపలినుంచి సన్నగా, ఆయనది కాని గొంతుతో, "సహోదరులారా, లాగండి!" అని వినిపించింది.

సంఘపెద్ద తీతు ఒక చెయ్యి పట్టుకున్నాడు. విల్‌ఫ్రెడ్ రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ లాగితే అయ్యగారు లేచాడు. ఆయనతోపాటు కుర్చీ కూడా లేచింది. వెనక కుర్చీతో ఆయన రెండడుగులు వేసి, గోడకి కొట్టుకుని ఆగాడు. చివరికి తీతు సింహాల తలకాయలు పట్టి వెనక్కి లాగితే, సీసా బిరడా ఊడినట్టు ఊడివచ్చాడు.

అందరూ కుర్చీ చుట్టూ మూగారు. దిండు కింద ఉండే పలకని చెదలు డొల్ల చేసేశాయి. అది రెండుగా విరిగి కిందపడింది. అది పోయాక అసలు కుర్చీ బయటపడింది. కూర్చునే చోట నడిమధ్యన నున్నగా, గుండ్రంగా కోసిన పెద్ద రంధ్రం. అంచులు చేత్తో తడిమితే జారిపోయేంత నునుపు. అది విరిగి ఏర్పడ్డ కంత కాదని, ఎవరో శ్రద్ధగా, ఒక ఉద్దేశంతో చేసిన పని అని చూసినవాళ్ళందరికీ అర్థమయింది. ఆ ఉద్దేశం ఏమిటన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఎమిలీ దీపం పట్టుకుని వంగి చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు.

"ఓలమ్మో! ఇది కమోడ్! మా ఫిమేల్ వార్డులో ఇలాంటివే రెండున్నాయి. కింద గిన్నె పెడతాం!"

చాప మీద ఉన్న ముసలమ్మలకి ఆ ఇంగ్లీషు మాట తెలియలేదు. పక్కవాళ్ళు చెవిలో చెప్పారు. చెప్పినకొద్దీ నవ్వు వరసగా ఒకరినుంచి ఒకరికి పాకింది. తీతు నవ్వాపుకోలేక పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో అదీ తప్పాడు. ఎన్నేళ్ళుగా ఏయే అయ్యగార్లు అందులో కూర్చుని దీవించారో, ఏ బిషపుగారు అందులో కూర్చుని టీ తాగాడో అందరూ ఒక్కసారిగా లెక్కలు వేసుకోసాగారు. ఆమోసు అయ్యగారు ఆమెన్ కూడా చెప్పకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం. చర్చిలో ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కలేదు. భోజనాలయ్యాక విల్‌ఫ్రెడ్ గొడ్డలి తీసుకుని ముందుగదిలోకి వచ్చాడు.

"ఏటి సేస్తన్నారు?" అంది ఎమిలీ.

"పొయ్యిలోకి కొడతాను. రేపు వర్క్‌షాపులో నా మొహం ఎలా సూపించాలి? దొర పెద్ద పెద్ద ఆలోసనలు సేసినాడని ఊరంతటికీ సెప్పినాను!"

"అది మాత్రం నిజమే కదేటి. అక్కడే అందరూ ఆలోసించేది."

"నవ్వకు ఎమిలీ! మా నాన్నని ఎవడో మోసం సేసినాడు. పాపం తెలక కొనీసినాడు. బతికున్నన్నాళ్ళూ దొరల దొడ్డికుర్సీలో కూకుని మురిసిపోనాడు."

గొడ్డలి ఎత్తాడు. అప్పుడు గుమ్మం పట్టుకుని సరోజమ్మ వచ్చింది.

"దించరా గొడ్డలి. మీ నాన్నని ఎవులూ మోసం సెయ్యలేదు. తెలిసే కొన్నాడు."

విల్‌ఫ్రెడ్ గొడ్డలి దించలేదు, వెయ్యనూ లేదు. అట్లాగే నిలబడిపోయాడు.

"మీ నాయనమ్మ ఆయా కాదురా," అంది సరోజమ్మ. "నీకు స్కూల్లో ఎవులో అడిగితే సిన్నతనం అవుతాదని మీ నాన్న ఆయా అని సెప్పినాడు. నువ్వు దానికి దొర పిల్లల్ని కూడా తగిలించీసినావు. ఆ దొరకి పిల్లలే లేరు. మీ తాత గ్యాంగ్‌మన్. పట్టాల మీద పోనాడు. సంకలో బిడ్డతో మీ నాయనమ్మకి ఆ బంగళాలో దొరికింది పాకీ పని. ఈ కుర్సీ కింద గిన్నె రోజూ తీసింది ఆవిడే. పొద్దున్న దొర లేసినాక, వెనక గుమ్మంలో వచ్చి, తలొంచుకుని తీసి, తలొంచుకుని ఎల్లిపోవాలి. ముందుగదిలోకి ఒక్కరోజు రానివ్వలేదు."

ఎమిలీ నవ్వు ఆగిపోయింది.

"ఏలం రోజున బెంగాలీ బాబులందరూ దీన్ని సూసి ముక్కులు మూసుకుని నవ్వినారంట. ఒక్కడు పాట పాడలేదు. మీ నాన్న ఒక్కడే చెయ్యెత్తినాడు. నువ్వప్పుడు హాస్టల్లో సదువుకుంటన్నావు. రిక్షాలో ఎక్కించుకుని తెచ్చి, పెరట్లో ఇసకెట్టి తోమి, సున్నంనీళ్ళతో కడిగి, పలక కొట్టి, దిండేసినాడు. అప్పుడు మీ నాయనమ్మ చెయ్యి పట్టి తెచ్చి 'అమ్మా, కూకో' అన్నాడు. ఆవిడ కూకోదే! గోడకి అంటుకుపోయి నిలబడింది. నేను కూడా బతిమాలినాను. ఆఖరికి కూకుంది. సింహాల మీద సేతులేసింది. కాసేపు అటూ ఇటూ సూసి, ఏటన్నాదో తెలుసా? 'దీన్ని ఇన్నేళ్ళూ కింద నుంచే సూసినాను రా సత్యం. పై నుంచి ఇదే మొదలు' అన్నాది. అని నవ్వింది చూడూ! నవ్వీ నవ్వీ ఏడిసింది. మీ నాన్నా ఏడిసినాడు. పోయినదాకా ఆవిడ వేరే పీట ఎక్కలేదు."

విల్‌ఫ్రెడ్ మెల్లిగా చాప మీద కూర్చున్నాడు.

"మరి అయ్యగార్లని అందులో కూకోబెట్టడం ఏటమ్మా?" అన్నాడు.

సరోజమ్మ మొహంలో చిలిపితనం వచ్చింది. "అదా! అది మీ నాన్న సరదా. పెద్దోడినని ఎవడు విర్రవీగితే వాడిని మర్యాదగా అందులో కూకోబెట్టీవోడు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కళ్ళు గట్టిగా మూసుకుని వణికిపోయీవోడు. ఎంత భక్తి అనుకునీవోరు అందరూ. నవ్వాపుకోలేకరా! నా వంక సూస్తే దొరికిపోతామని, నన్ను వంటింట్లోకి పొమ్మనీవోడు. రైల్వే ఇనస్పెట్రు ఒకడు వచ్చి కాలు మీద కాలేసుకుని కూకున్న రోజున మేమిద్దరం వంటింట్లో మొహాల మీద తువ్వాలు కప్పుకుని..." ఆవిడ చెప్పలేక పొట్ట పట్టుకుంది.

ఎమిలీ కూడా ఆవిడ భుజం మీద వాలి నవ్వింది. విల్‌ఫ్రెడ్‌కి మాత్రం నవ్వు రాలేదు. నాయనమ్మ అరచేతులు ఎప్పుడూ సున్నం వాసన వేసేవని అతనికి తెలుసు. ఎందుకని ఒక్కరోజూ అడగలేదు. గొడ్డలి తీసుకెళ్ళి పెరట్లో పెట్టాడు. వర్క్‌షాపులో ఏం చెప్పాలా అని మధ్యాహ్నమంతా పెరట్లోనే తిరిగాడు. సాయంత్రం లోపలికి వచ్చేసరికి ఎమిలీ కుర్చీ వీపు మీద చెదలపుట్ట గీకుతోంది.

"ఉంచుదామండీ," అంది తలెత్తకుండానే. "నేను వద్దన్నది దొర కుర్సీని. ఇది రూతమ్మగారిది. గోవిందరావుని పిలవండి."

ఖరిదానుంచి గోవిందరావు వచ్చాడు. మంచి పనివాడే కాని నోరు ఎక్కువ. ప్రార్థన సంగతి అప్పటికే ఖరిదా దాటి తాల్‌బగీచా దాకా వెళ్ళిపోయింది. అతను లోపలికి వస్తూనే కుర్చీకి దణ్ణం పెట్టాడు. తిరగేసి, గోటితో గిల్లి, కొట్టి చూశాడు.

"సెక్క ఉక్కు బాబూ. ఒక కాలు, వెనక పట్టీ పగిలినాయి, అవి మారిస్తే సాలు. సెదలు పైన మీ నాన్నగారు కొట్టిన మావిడిపలకనే తిన్నాయి, టేకుని ముట్టలేదు. ఒకటే అడగాలి. ఈ బొక్క మూసీమంటారా, ఉంచీమంటారా?"

"మూసీ," అన్నాడు విల్‌ఫ్రెడ్.

"ఉంచు," అంది సరోజమ్మ.

అందరూ ఆవిడ వంక చూశారు.

"ఏటలా సూస్తారు? నా మోకాళ్ళు వంగవు. వానలో ఆ మెట్లెక్కి పోతే ఒకరోజు అక్కడే పోతాను. దొర మోకాళ్ళకేనా సుఖం? కుర్సీ ఇంట్లోనే పెట్టుకుని పెరట్లో జారిపడడం ఏటి? దానికి మూత పెట్టి నా గదిలో ఎట్టీ."

"అమ్మా! నాన్న కుర్చీ అది! నాయనమ్మ కూకున్నది!"

"మీ నాయనమ్మ ఉంటే ముందు తనే కూకోమనును."

విల్‌ఫ్రెడ్ జుట్టు పీక్కున్నాడు. "సరే. తియ్యడానికి మనిషిని పెడదాం."

సరోజమ్మ గొంతు అప్పటిదాకా ఉన్నట్టు లేదు. "మనిషిని పెట్టకు. ఈ కుర్సీ కిందికి తలొంచుకుని వచ్చీ మనిషి ఇంకొకతి ఈ ఇంటికి రాకూడదు. అలాగైతే నాకొద్దు. పాకుకుంటూ పెరట్లోకే పోతాను."

విల్‌ఫ్రెడ్ ఆశగా పెళ్ళాం వైపు చూశాడు.

"నా వంక సూడకండి," అంది ఎమిలీ. "ఆస్పత్రిలో రోజంతా అదే పని. జీతమిస్తారు కనక సేస్తన్నాను. అత్తమ్మ నన్ను కనలేదు, మిమ్మల్ని కన్నాది. మీ మురికిగుడ్డలు ఎన్ని ఉతికినాదో అడగండి."

గోవిందరావు కొలబద్ద చెవి మీద పెట్టుకుని, ఈ వినోదం ఎటు తిరుగుతుందా అని సింహం చెయ్యి మీద మోచెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ఇస్త్రీ మడత నలగని ఖాకీ ప్యాంటులో విల్‌ఫ్రెడ్ కిటికీ దగ్గరికి వెళ్ళి, పెరటి చివరి దాకా చూసి వచ్చాడు.

"ఉంచీయ్ గోవిందరావూ," అన్నాడు. "బొక్క ఉంచీ. నేను తీస్తాను."

గిన్నె కొనడానికి గోల్‌బజార్లో పాండురంగయ్యగారి కొట్టుకి వెళ్ళాడు. చార్జిమన్ కదా, రంధ్రాన్ని వర్క్‌షాపు కాలిపర్‌తో కొలిచి మరీ వెళ్ళాడు. పాండురంగయ్య అటకమీదనుంచి ఎనామెల్ గిన్నెలు ఒక్కొక్కటే దించాడు.

"ఇది తీసుకోండి, నీలం పువ్వులు. పులిహోర కలిపితే ఎంత బాగుంటాదో! మా ఇంట్లోనూ ఇదే."

"ఇంకా లోతుగా ఉండాలండీ."

"పాయసానికా? ఎంతమందికి?"

"ఒక్కరికే," అన్నాడు విల్‌ఫ్రెడ్, మరోవైపు చూస్తూ. నీలం పువ్వులది వద్దని, తెల్లది పట్టుకుని బయటపడ్డాడు.

గోవిందరావు పని బాగానే చేశాడు. కాలు అతికింది ఎక్కడో కనిపించదు. సింహాలకి పాలిష్ పెడితే ఒకటి నవ్వుతున్నట్టు, ఒకటి ఆవులిస్తున్నట్టు తేలాయి. రంధ్రం మీద పైకెత్తే మూత, మూత మీద దిండు. సరోజమ్మ గదిలో కిటికీ పక్కన పెట్టారు. పగలు మూత వేసుకుని అందులోనే కూర్చుని బియ్యం ఏరేది.

మొదటిరోజు పొద్దున్న విల్‌ఫ్రెడ్ గిన్నె మీద మూత పెట్టి, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, గోడ పక్కనే నక్కి నక్కి వెళ్ళాడు. పెరటి మధ్యకి వెళ్ళేసరికి పక్కింటి పిట్టగోడ మీదనుంచి తీతు పలకరించాడు. "ఏటి విల్‌ఫ్రెడ్, అదేటి?" అన్నాడు. విల్‌ఫ్రెడ్ ఆగిపోయాడు. ముక్కు మీది తువ్వాలు కిందికి లాగాడు. "మా అమ్మది," అన్నాడు. "మా నాయనమ్మ దొరది తీసింది. నేను మా అమ్మది తీస్తన్నాను. నాది ప్రమోషనే." తీతు పళ్ళు తోముకోవడం ఆపి, నీళ్ళ బకెట్టు ఒకటి గోడమీదుగా అందించాడు. కడగడానికి.

వారం తిరిగేసరికి విల్‌ఫ్రెడ్ తువ్వాలు చుట్టుకోవడం మానేశాడు. వర్క్‌షాపులో మొదట్లో నవ్వారు. అతనే ముందు నవ్వడం మొదలుపెట్టాక వాళ్ళకి ఆసక్తి పోయింది. ఆదివారం గిన్నె కడిగి ఎండలో బోర్లించి చర్చికి వెళ్ళేవాడు. ఎమిలీకి స్టీలు కుర్చీలు నాలుగూ వచ్చాయి. వాటి మీద కూర్చుంటే మడత మధ్యలో వేళ్ళు నలిగేవి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమోసు అయ్యగారు మూడు నెలలు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. నాలుగో నెల ఒక మధ్యాహ్నం, విల్‌ఫ్రెడూ ఎమిలీ డ్యూటీలో ఉండగా వచ్చాడు. సరోజమ్మకి ప్రార్థన చేస్తానన్నాడు. చేశాడు. ఆమెన్ అన్నాక కూడా లేవలేదు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ముప్పై ఏళ్ళు మోకాళ్ళ మీద ప్రార్థన సేసినాను. మోకాళ్ళు పోయినాయి. పాస్టరమ్మకి సెప్పలేను, సంఘానికి అసలు సెప్పలేను. ఆ వడ్రంగి ఎక్కడుంటాడు?"

సరోజమ్మ నవ్వలేదు. సత్యవేదం మీద ఒట్టు, నవ్వలేదు. ఖరిదాలో గోవిందరావు ఇంటికి గుర్తులు చెప్పింది. గిన్నె పాండురంగయ్య కొట్లో తీసుకోమంది, పులిహోరకని చెప్పొద్దంది.

గోవిందరావుకి నోరు ఆగుతుందా? అయ్యగారికి చేశాక ఫోర్‌మన్ తల్లికి చేశాడు. తీతు మామగారికి చేశాడు. ఒకరికి తెలియకుండా ఒకరు కబురు పంపేవారు. పైకి మాత్రం అన్నీ వాలుకుర్చీలే. చెక్క మామూలుదే, సింహాలూ లేవు, కాని పైన దిండు పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. అందుకని ఆ క్వార్టర్లలో ఎవరింటికి ప్రార్థనకి వెళ్ళినా జనానికి ఒక అలవాటయింది. కూర్చోమని కుర్చీ చూపిస్తే, దిండు ఒకసారి పైకెత్తి, కిందికి తొంగిచూసి, అప్పుడు కూర్చునేవారు.